ఆరు సెకన్ల పరుగు, గంటన్నర చాకిరీ

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో స్థిరపడిన విజయవాడ ఆడపడుచు ఒకరు, సెలవు రోజుల్లో ఒక పాతకాలపు డ్రాగ్ రేసింగ్ టీములో మెకానిక్‌గా చేస్తున్నారని గత సంచికలో చిన్న పరిచయం వేశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఆవిడే జవాబులు రాసి పంపారు.

*

ప్రశ్న: పరిచయం చదివానమ్మా. కానీ ‘నోస్టాల్జియా డ్రాగ్ రేసింగ్’ అంటే ఏమిటో సరిగ్గా బోధపడలేదు. రేసంటే చుట్టూ తిరగడమే నాకు తెలుసు.
– రిటైర్డ్ టీచర్, నూజివీడు

జవాబు: నమస్కారం మాస్టారూ. ఇందులో మలుపులు ఉండవు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. పచ్చ లైటు వెలగగానే నిటారుగా పావు మైలు, అంటే 402 మీటర్లు. ముందు గీత దాటింది గెలిచినట్టు. అంతే ఆట.

అమెరికాలో 1960ల్లో, 70ల్లో ఈ పోటీలకు వాడిన తీరు బండ్లనే ఇప్పటికీ కట్టుకుని పరిగెత్తించేవాళ్ళు కొందరున్నారు. అదే నోస్టాల్జియా రేసింగ్. మా బండిలో ఇంజను ముందుంటుంది, డ్రైవరు వెనక చక్రాల ఇరుసుకి కూడా వెనక, బండి కొసన కూర్చుంటాడు. దీన్ని స్లింగ్‌షాట్ అంటారు, మన ఉండేలు అన్నమాట. ఉండేలు తోలులో రాయి కూర్చున్నట్టే ఉంటాడు నిజంగా.

మా ఊరికి ఉత్తరాన, బాదం తోటల పక్కన ఫమోసో అని ఒక ట్రాక్ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. నైట్రో అనే రేసు ఇంధనాన్ని ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే పెద్ద డ్రాగ్ రేసింగ్ సంస్థ 1957లో నిషేధిస్తే, ఇక్కడి కుర్రాళ్ళ కార్ల క్లబ్బు ఒకటి 1959లో నైట్రో బండ్లకు చోటిస్తూ సొంతంగా పోటీ పెట్టింది. డాన్ గార్లిట్స్ అనే డ్రైవరు ఫ్లోరిడా నుంచి, అంటే దేశం ఆ చివర నుంచి బండి తోలుకొచ్చాడు. గెలిచింది మాత్రం కాలిఫోర్నియా మనిషి ఆర్ట్ క్రిస్‌మన్. ఆ పోటీయే ‘మార్చ్ మీట్’. ఇప్పటికీ ఏటా మార్చిలో జరుగుతుంది. మాకు సంక్రాంతి లాంటిది.

మన వైపు బండలాగుడు పందెం చూసే ఉంటారు. జనం కళ్ళు గిత్తల మీదే ఉంటాయి. దాణా పెట్టినవాళ్ళు, గిట్టలకు నాడాలు వేసినవాళ్ళు, రాత్రంతా పక్కన పడుకున్నవాళ్ళు గట్టు మీద నిలబడి ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. నేను ఆ గట్టు మీద మనిషిని.

*

ప్రశ్న: అక్కా, నైట్రో అంటే సినిమాల్లో బటన్ నొక్కితే వచ్చేదేనా? ప్రతి పరుగు తర్వాత ఇంజను విప్పుతారని చదివాను, అంత అవసరం ఏముంది?
– మెకానికల్ డిప్లొమా విద్యార్థి, గుడివాడ

జవాబు: కాదు తమ్ముడూ. సినిమాల్లో చూపించేది నైట్రస్ ఆక్సైడ్, గ్యాసు. మాది నైట్రోమీథేన్, ద్రవం. పెట్రోలు బదులు ఇంజను తాగేది దీన్నే, కొంచెం మెథనాల్ కలిపి.

దీని కిటుకు ఎక్కడుందో చెప్తాను, పరీక్షల్లో కూడా పనికొస్తుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. నైట్రోమీథేన్‌కి 1.7 కిలోలు చాలు, ఎందుకంటే సగం ఆక్సిజన్ అదే మోసుకొస్తుంది. కిలోకి కిలో చూస్తే పెట్రోలుకున్న శక్తిలో నాలుగో వంతే దీనికుంది. కానీ అదే గాలితో ఎనిమిది రెట్లు ఎక్కువ పోయొచ్చు. లెక్క వేసి చూడు, సిలిండర్‌లో రెండు రెట్ల పైచిలుకు బలం తేలుతుంది. దానికి తోడు నెత్తిన బ్లోయర్ కూర్చుని గాలిని కుక్కుతుంటుంది.

ఇక విప్పడం ఎందుకంటావా. అంత ఇంధనం పోస్తున్నప్పుడు మొత్తం మండదు. కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి జారి ఆయిల్లో కలుస్తుంది. పొద్దున పోసిన చిక్కటి ఆయిలు ఒక్క పరుగు తర్వాత టీ డికాషన్‌లో పాలు పోసినట్టు బూడిద రంగులో, పల్చగా దిగుతుంది. దాంతో రెండోసారి పరిగెత్తిస్తే బేరింగులు పోతాయి. ఇంకోటి, ఏదైనా సిలిండర్‌లో నిప్పు ఆగిపోతే ఇంధనం అందులో నిండుతుంది. ద్రవం నలగదు కదా. పిస్టన్ పైకొచ్చి దాన్ని కొట్టిందంటే రాడ్డు వంగుతుంది, లేదా హెడ్డే లేస్తుంది. అందుకే ప్లగ్గులు తీసి చేత్తో ఇంజను తిప్పి చూడకుండా మా ట్యూనర్, అంటే ఇంజను సర్దుబాట్లు చూసే ఆయన, స్టార్టర్ ముట్టుకోనివ్వడు.

*

ప్రశ్న: ఆరు సెకన్ల రేసుకి రోజంతా ఏం చేస్తారండీ?
– ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: చాలామంది అడిగిన ప్రశ్న ఇది. నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ ఇదే. కాస్త తీరిగ్గా చెప్తాను.

పరుగు అవగానే బండిని పికప్‌కి కట్టి టెంటు కిందకి లాక్కొస్తాం. స్టాండ్ల మీద ఎక్కిస్తాం. అక్కడి నుంచి గడియారం మొదలు. తర్వాతి రౌండుకి మాకు దొరికేది ఒక్కోసారి గంటన్నర, ఒక్కోసారి అంతకంటే తక్కువ. మేం ఆరుగురం. ఒకాయన ప్లగ్గులు తీసి వరుసగా పెడతాడు. ఒకరు ట్యాపెట్లు చూస్తారు. క్లచ్ విప్పి అరిగిన పళ్ళేలు మార్చే పని ఒక తండ్రీ కొడుకులది. వాళ్ళిద్దరూ పని మధ్యలో ఒక్క మాట మాట్లాడుకోవడం నేను వినలేదు, ఒకరు చెయ్యి చాస్తే రెండోవారు సరైన పానా పెడతారు.

నాది కింద పని. చక్రాల పలక మీద పడుకుని బండి కిందకి జారతాను. ముందు ‘డయాపర్’ విప్పాలి. ఇంజను పగిలితే ఆయిలు ట్రాక్ మీద పడకుండా కింద కట్టే సంచికి ఆ పేరు పెట్టారు. తర్వాత ఆయిలు దించి ఛాంబర్, అంటే ఇంజను అడుగున ఆయిలు ఉండే తొట్టి, విప్పుతాను. లోపల నుంచి వేడి మొహానికి కొడుతుంది. నైట్రో ఆవిరికి కళ్ళు మండుతాయి. కల్లంలో ఎండుమిర్చి తొక్కుతున్నప్పుడు పక్కన నిలబడితే ఎలా ఉంటుందో అలా.

ఇప్పుడు బిగ్ ఎండ్ బేరింగులు. పిస్టన్ రాడ్డు కింది కొస క్రాంకుని, అంటే ఇంజను అడుగున తిరిగే ఇరుసుని, పట్టుకునే చోట వేసే పల్చటి లోహపు ముక్కలివి. ఎనిమిది సిలిండర్లు, ఎనిమిది జతలు. ఒక్కో రాడ్డు క్యాప్ విప్పి, బేరింగు రెండు ముక్కలూ తీసి, నంబరు ప్రకారం ట్రేలో పెడతాను. గుడ్డతో తుడిచి దీపం కింద పట్టుకుని చూడాలి. బాగున్న ముక్క పాత స్టీలు గ్లాసులా ఉంటుంది, వెండి రంగు, మెరుపు తగ్గి మెత్తగా. దెబ్బ తిన్నదాంట్లో పై పూత అణిగిపోయి అడుగున రాగి ఎర్రగా తొంగి చూస్తుంది. కంటికి అందని గీత గోటికి అందుతుంది, అందుకని ప్రతి ముక్క మీదా బొటనవేలి గోరు ఒకసారి అడ్డంగా లాగుతాను.

పోయిన మార్చిలో అయిదో నంబరు పై ముక్కలో చింతగింజంత రాగి మరక కనిపించింది. మిగతా ఏడూ శుభ్రంగా ఉన్నాయి. ట్రే తీసుకెళ్ళి ట్యూనర్‌కి చూపించాను. ఆయన మాట్లాడలేదు, వెళ్ళి అయిదో ప్లగ్గు చూశాడు. దాని కొస కాస్త కరిగి ఉంది. అంటే ఆ సిలిండర్‌కి ఇంధనం తక్కువై నిప్పు ముందే అంటుకుంటోంది, పిస్టన్‌ని సుత్తితో కొట్టినట్టు కొడుతోంది. ఇంధనం కాస్త ఎక్కువ వచ్చేలా అయిదో నాజిల్‌లో ఒక సైజు పెద్ద జెట్టు వేశాడు, నేను కొత్త బేరింగు వేశాను. మరుసటి పరుగులో ఎనిమిదీ ఒకే రంగులో వచ్చాయి. ఆ ట్రేని నేను చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఆ రౌండులో మేం ఓడిపోయాం కూడా, అది వేరే సంగతి.

అన్నీ బిగించాక స్టార్ట్ చేసి కారడం ఏమైనా ఉందా అని చూస్తాం. అప్పుడు డ్రైవరుని కట్టాలి. అవును, కట్టడమే. పల్టీ కొడితే చేతులు బయటకు రాకుండా చేతులకు కూడా పట్టీలు వేస్తాం. భుజాల బెల్టు నేను మోకాలు ఆనించి లాగుతాను. ‘ఇంకా’ అంటాడు, ఇంకా లాగుతాను.

గీత దగ్గర టైర్లు వేడెక్కించడానికి ఒకసారి పొగలు లేపుకుంటూ ముందుకెళ్తాడు. వెనక్కి వచ్చేటప్పుడు ఆయనకేమీ కనిపించదు, మాలో ఒకరు ఎదురుగా నిలబడి చేతులతో దారి చూపాలి. నేను పారాచూట్ల పిన్నులు తీసి, పైకెత్తి ఆయనకు చూపించి, పక్కకి జరుగుతాను. తర్వాత ఆరు సెకన్ల లోపే అంతా అయిపోతుంది. అవతలి గీత దాటేసరికి వేగం గంటకి 250 మైళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. నేను చూసేది వీపే. కానీ వింటాను. ఎనిమిదీ మోగుతున్నాయా, ఒకటి పోయిందా అన్నది సగం దూరంలోనే చెవికి తెలిసిపోతుంది.

*

ప్రశ్న: డ్రైవరుకి ఏమన్నా అవుతుందని మీకు టెన్షన్ ఉండదా? మీ కళ్ళ ముందు ఏదైనా జరిగిందా?
– గృహిణి, రాజమండ్రి

జవాబు: ఉంటుందండీ. ఉండాలి కూడా. ఈ స్లింగ్‌షాట్ బండ్లలో ఇంజను, క్లచ్, గేర్లు అన్నీ డ్రైవరు ముందే, కాళ్ళ మధ్యే ఉంటాయి. 1970 మార్చిలో లాంగ్ బీచ్ దగ్గర లయన్స్ ట్రాక్‌లో ఇందాక చెప్పిన గార్లిట్స్ బండికి గేర్‌బాక్స్ పేలి, బండి రెండు ముక్కలై, ఆయన కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. ఆసుపత్రి మంచం మీదే ఇంజను వెనక పెట్టే బండి గురించి ఆలోచన మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది పొమోనాలో అలాంటి బండితో గెలిచాడు. కొన్నేళ్ళలో అందరూ ఆ దారే పట్టారు. మేం మాత్రం పాత తీరు బండినే నడుపుతున్నాం కాబట్టి, ఇప్పుడొచ్చిన కవచాలు, పట్టీలు, నిప్పు ఆర్పే సీసాలు అన్నీ పెట్టుకుని నడుపుతాం. ఈ విషయంలో పాతదనం మీద మోజు పనికిరాదు.

నా కళ్ళ ముందు జరిగింది ఒకటుంది. అది నా తప్పే.

బండి ఆగేది ప్రధానంగా పారాచూట్లతోనే. మాకు రెండుంటాయి. వాటిని మడిచే పని నాది. కింద దుప్పటి పరిచి, గుడ్డని చాపి, తాళ్ళన్నీ ఒక్కొక్కటిగా విడదీసి, మెలి లేకుండా వరుసగా పెట్టి, గుడ్డని చీర కుచ్చిళ్ళు పోసినట్టు పోసి, సంచిలో సర్దాలి. రెండో ఏడు అక్టోబరులో ఒక సాయంత్రం గాలి ఎక్కువగా ఉంది. మమ్మల్ని లైనులోకి రమ్మని పిలిచేశారు. గుడ్డ ఎగిరిపోతోందని మోకాలితో తొక్కిపెట్టి ఒక సంచి గబగబా సర్దేశాను. తాళ్ళు రెండు ఒకదాని మీదొకటి ఎక్కాయని చేతికి తగిలింది. తగిలిన సంగతి నాకు తెలుసు. పర్వాలేదులే అనుకున్నాను.

రెండోది విప్పుకుంది. నేను తొందరలో మడిచింది తాడులా వెనక వేలాడింది. ఒక్క చూట్‌తో, చేతి బ్రేకుతో ఆయన ట్రాక్ చివరి కొసన ఆగాడు. మేం వెళ్ళేసరికి హెల్మెట్ తీసి మట్టిలో కూర్చుని ఉన్నాడు. ఏమీ కాలేదు. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తాళ్ళు తొక్కుకున్నాయని తెలిసీ కట్టాను అని. ఆయన కాసేపు నా వైపు చూసి, మెలిపడ్డ చూట్ తెచ్చి నా చేతిలో పెట్టి, ‘రేపటికి కూడా నువ్వే మడువు’ అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

ఆ రాత్రి ఆ చూట్ పదకొండుసార్లు విప్పి మడిచాను. ఇప్పటికీ ఎవరు ఎంత తొందరపెట్టినా తాళ్ళు వేళ్ళతో ఒక్కొక్కటీ తడిమే వరకు సంచి మూత వెయ్యను. ఒకసారి అలా ఆలస్యమై మా వంతు పోయే పరిస్థితి వచ్చింది. పోతే పోనీ అని మా ఓనరే అన్నాడు.

*

ప్రశ్న: జీతం ఎంత ఇస్తారు?
– ఏలూరు

జవాబు: మా టీములో ఎవరికీ జీతం లేదు. భోజనం పెడతారు. మా ఓనర్ భార్య ఉదయం నాలుగింటికి లేచి ఇంతమందికీ వండుతుంది, నేను పులిహోర పట్టుకెళ్తాను. గెలిచిన డబ్బు నైట్రో పీపాలకీ, విరిగిన సామాన్లకీ చాలదు.

*

ప్రశ్న: ఆడవాళ్ళని ఆ పనిలోకి రానిస్తారా? మీరెలా చేరారు?
– బీటెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఈ ఆటలో ఆడవాళ్ళ దారి ఎప్పుడో పడింది తల్లీ. షర్లీ మల్డౌనీ 1977లో, 1980లో, 1982లో టాప్ ఫ్యూయెల్ (నైట్రో బండ్లలో అన్నిటికంటే పై తరగతి) ఛాంపియన్. లైసెన్సు దగ్గర నుంచి ప్రతిదానికీ పోట్లాడి తెచ్చుకుంది. ఆవిడ తర్వాత వచ్చినవాళ్ళం కాబట్టి నన్ను గేటు దగ్గర ఎవరూ ఆపలేదు.

మా నాన్నగారిది ఆటోనగర్‌లో క్రాంక్ గ్రైండింగ్ షాపు. లారీ క్రాంకులు. అరిగిన క్రాంకుని సాన పట్టి కాస్త సన్నం చేసి, ఆ మేరకు మందమైన బేరింగు వేస్తారు. అసలు కొలతది స్టాండర్డు, మొదటి సాన తర్వాతది పది సైజు. బళ్ళోంచి వచ్చాక మైక్రోమీటర్ పట్టుకుని జర్నల్ (క్రాంకు మీద బేరింగు కూర్చునే నున్నటి భాగం) కొలతలు చదివి చెప్పడం నా పని, నాన్న పలక మీద రాసుకునేవారు. పెళ్ళై ఇక్కడికి వచ్చాక ఒక మెషిన్ షాపులో కొలతలు తనిఖీ చేసే ఉద్యోగంలో చేరాను. ఒకరోజు ఒక పెద్దాయన రేసు బండి క్రాంకు పాలిష్‌కి తెచ్చాడు. మూడో జర్నల్ ఒక కొస సన్నబడి ఉందని, పాలిష్ చేస్తే సరిపోదని చెప్పాను. నమ్మలేదు. నాలుగు చోట్ల కొలిచి చూపించాను. శనివారం ఖాళీయేనా అని అడిగాడు. ఆయనే మా ఓనర్. నిన్ను ఎవరైనా నమ్మకపోతే నువ్వు కూడా కొలిచి చూపించు.

*

ప్రశ్న: మా అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు. బైకు సైలెన్సర్ మార్పించి రాత్రిళ్ళు ఔటర్ రింగ్ రోడ్డు వైపు స్నేహితులతో పందేలకు వెళ్తున్నాడు. మీ గురించి చదివి ‘చూడమ్మా, ఆవిడ కూడా రేసులే కదా’ అంటున్నాడు. ఏం చెప్పను?
– ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: అమ్మా, ఈ జవాబు బాబుకే చదివి వినిపించండి.

నాన్నా, మా ట్రాక్‌లో అంబులెన్స్ లేకపోతే, నిప్పు ఆర్పే బండి లేకపోతే పచ్చ లైటు వెలగదు. అంబులెన్స్ ఎవరికోసమైనా గేటు దాటిందంటే అది తిరిగొచ్చేదాకా రేసు ఆగుతుంది. రెండు పక్కలా గోడలుంటాయి. ఎదురుగా ఎవరూ రారు. రాత్రి రోడ్డు మీద డ్యూటీ దిగి ఇంటికి పోతున్న మనిషికి నీ పందెం సంగతి తెలియదు, ఆయన ఒప్పుకోలేదు. నువ్వు చేసేదాన్నీ మేం చేసేదాన్నీ ఒకే పేరుతో పిలవొద్దు.

వేగం అంటే నిజంగా ప్రాణమైతే మన దేశంలోనూ మోటారు రేసులు చూసే సమాఖ్య ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ అనుమతితో డ్రాగ్ పోటీలు జరుగుతాయి, లైసెన్సు తీసుకుని వెళ్ళొచ్చు. ఒకప్పుడు మద్రాసు దగ్గర షోలవరంలో కూడా యుద్ధకాలం నాటి రన్‌వే మీదే రేసులు జరిగేవి, అచ్చం మా ఫమోసో లాగే. ఈలోపు ఒక మంచి షెడ్డులో ఆరు నెలలు పని నేర్చుకో. బ్రేకు షూ నీ చేత్తో మార్చి, ఆ బండి మీద కొత్తవాడెవడో వెళ్ళిపోతుంటే చూడు. ఆ రాత్రి నీకు నిద్ర ఎలా పడుతుందో నాకు ఉత్తరం రాయి. నేను తప్పకుండా జవాబిస్తాను.

*

ప్రశ్న: నలభై ఏళ్ళుగా లారీ మెకానిక్‌ని. మీ బండి మీద పెట్టే బ్లోయర్ బస్సు ఇంజను నుంచి వచ్చిందని రాశారు. నిజమేనా? అంత పాత ఇంజనుకి సామాన్లెక్కడ దొరుకుతాయి?
– ఆటోనగర్, విజయవాడ

జవాబు: బాబాయ్, మీ ఉత్తరం కవరు మీద అడ్రసు చూసి ఇంట్లో అందరికీ చూపించాను.

నిజమే. జనరల్ మోటార్స్ 1938లో ఒక టూ స్ట్రోక్ డీజిల్ తెచ్చింది. 6-71 అంటే ఆరు సిలిండర్లు, ఒక్కోటి 71 క్యూబిక్ అంగుళాలు. టూ స్ట్రోక్ డీజిల్ తనంతట తాను గాలి పీల్చుకోలేదు కదా, అందుకని పక్కన బ్లోయర్ పెట్టారు. బస్సులకీ, లారీలకీ, యుద్ధంలో పడవలకీ అదే ఇంజను. తర్వాత పాత సామాన్ల అంగళ్ళలో ఆ బ్లోయర్లు చవగ్గా దొరుకుతుంటే, ఇక్కడి కుర్రాళ్ళు ఊడదీసి పెట్రోలు ఇంజను నెత్తిన బెల్టుతో కట్టారు. ఆటోనగర్ బుర్రే అది, ఊరు వేరు.

ఇప్పుడు మాది అదే రూపంలో కొత్తగా పోసినది. ఇంజను కూడా అంతే. అసలుది 1957, 58ల్లో క్రిస్లర్ కార్లలో వచ్చిన 392 హెమి, అంటే 392 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజను. ఆనాటి ఇనుప బ్లాకులు నైట్రోకి పగిలి పగిలి అరుదైపోయాయి. ఇప్పుడు అదే తీరులో అల్యూమినియంతో పోస్తున్నారు. బ్లోయర్ పేలితే ముక్కలు ఎగరకుండా పైన పట్టీలు కట్టడం నియమం.

పోయిన నెల రౌండ్ల మధ్యలో నాన్నకి వీడియో కాల్ చేశాను. ఆయనకి ఎనభై ఒకటి, చూపు తగ్గింది. ఇంజను స్టార్ట్ చేస్తుంటే ఫోను దగ్గరగా పెట్టాను. శబ్దానికి ఫోను మైకు చేతులెత్తేసింది, గరగర తప్ప ఏమీ వినిపించలేదట. ఆపాక బేరింగు ముక్క ఒకటి ఫోను ముందు పట్టుకున్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, మొహం తెరకి ఆనించి చూశారు.

‘స్టాండర్డా, పది సైజా?’ అని అడిగారు.

‘స్టాండర్డే నాన్నా’ అన్నాను.

‘అయితే ఇంకో రెండు గ్రైండింగులు ఉన్నాయిలే’ అన్నారు.